ఆఫ్రికా మేడం చార్జి ఇవ్వలేదు

జహీరున్నీసాని ఆఫ్రికా సెంటరుకి వేశారని తెలిసిన రోజు యూనివర్సిటీ క్యాంటీనులో ఒకటే నవ్వులు. "అడవుల్లోకి పంపించారా తల్లీ!" అని ఒకాయన, "సింహాలతో జాగ్రత్త మేడం" అని ఇంకొకాయన. పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది, జూన్ నెల. హిస్టరీలో పదకొండేళ్ళుగా పాఠాలు చెబుతున్న మనిషి. చేసిన పాపమల్లా ఒక్కటే. హెడ్డుగారి బావమరిది కొడుక్కి ఇంటర్నల్ మార్కులు వెయ్యమంటే, పరీక్షే రాయనివాడికి మార్కులేమిటండీ అంది. వారం తిరక్కుండా కాగితం వచ్చింది. ఆఫ్రికా అధ్యయన కేంద్రానికి ఇన్‌చార్జి డైరెక్టరు. పేరు చూస్తే ప్రమోషను, పని చూస్తే పనిష్మెంటు.

ఆ సెంటరు సంగతి కూడా చెప్పాలి. చిలకలూరిపేట పోయే రోడ్డు పక్కన పత్తి చేలు కొని కట్టిన యూనివర్సిటీ అది. ఎప్పుడో ఒక వైస్ ఛాన్సలరుగారు నైరోబీలో ఏదో సభకి వెళ్ళొచ్చి, ఆ ఊపులో ఆఫ్రికా సెంటరు పెట్టించాడు. ఆయన పోయాడు, ఊపూ పోయింది. మిగిలింది సైకిల్ స్టాండు పైన రెండు గదులు, గోడకి ఒక పటం, రెండు బీరువాల పుస్తకాలు, అటెండరు బుల్లయ్య.

బుల్లయ్యది తుళ్లూరు పక్క పల్లె, యాభై దాటాయి. డైరెక్టరు లేని నాలుగేళ్ళూ కూడా రోజూ పదింటికి తాళం తీసి, పటం దులిపి, ఐదింటికి తాళం వేసుకుని పోయేవాడు. "ఎవరూ రారు కదా, ఎందుకు తీసేవాడివయ్యా?" అని అడిగింది జహీరున్నీసా మొదటిరోజు. "తియ్యకపోతే అసలే రారు గదండీ" అన్నాడు. ఆ మాటతో ఆవిడకి ఆయన నచ్చేశాడు.

ఇంతకీ ఈవిడ ఎవరు? కనిగిరిలో దూదేకుల మాబు కూతురు. మాబు విల్లు భుజాన వేసుకుని వీధి వీధీ తిరిగి పరుపుల దూది ఏకేవాడు. ఆ ఊళ్ళో ఆయన ఏకిన దూది మీద పడుకోని ఇల్లు లేదు. వాళ్ళది పేరు సాయిబుల పేరు, ఇంట్లో మాట తెలుగు. గుంటూరు కాలేజీ హాస్టల్లో ఉర్దూ పిల్లలు ఈవిణ్ణి చుట్టూ కూర్చోబెట్టుకుని "నువ్వెక్కడి ముస్లిమువే, మాటొక్కటీ రాదు" అని నవ్వేవాళ్ళు. హిందువుల పిల్లలేమో "అబ్బ, తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నావో!" అని ఆశ్చర్యపోయేవాళ్ళు. మొదటిది ఒక చెంప మీద, రెండోది రెండో చెంప మీద. మాట రాదని నవ్వితే ఎలా ఉంటుందో, వస్తే ఆశ్చర్యపోతే ఎలా ఉంటుందో ఆవిడకి ఒకళ్ళు చెప్పనక్కర్లేదు.

అందుకే సెంటరుకి వచ్చిన మొదటి వారంలోనే ఒక నిర్ణయం తీసుకుంది. ఆఫ్రికా సెంటరుకి పెద్దనయ్యుండి ఆఫ్రికా మాట ఒక్కటి కూడా రాకపోతే సిగ్గుచేటు. నేర్చుకుంటాను. నలభై ఏళ్ళు దగ్గర పడుతుండగా ఎవరి దగ్గర నేర్చుకుంటుంది? దేవుడే పంపించినట్టు నీమా దొరికింది.

నీమా టాంజానియా పిల్ల, ఫార్మసీ చదవడానికి వచ్చింది. గుంటూరులో గది కోసం తిరిగి తిరిగి కాళ్ళు అరిగిపోయాయి. బ్రాడీపేటలో టులెట్ బోర్డు ఉన్న ఇంటికి వెళ్తే, ఈ పిల్ల గేటు తీసేలోపు ఇంటాయన బోర్డు తీసి లోపల పెట్టేసుకున్నాడు. అట్లా ఒక ఇల్లు కాదు, పదకొండు ఇళ్ళు. ఆ పదకొండో ఇంటి గేటు దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంటుంటే, అటుగా పోతున్న జహీరున్నీసా రిక్షా ఆపింది. విషయం విని "ఎక్కు" అంది. ఇంకేం అడగలేదు.

రెండున్నరేళ్ళు నీమా జహీరున్నీసా ఇంట్లోనే ఉంది. పొద్దున్నే పప్పులోకి పచ్చిమిరపకాయలు తుంచుతూ నీమా స్వాహిలీ చెప్పేది, ఈవిడ తెలుగు చెప్పేది. మొదటి పాఠమే పెద్దవాళ్ళకి పెట్టే దణ్ణం. "షికమో" అని చిన్నవాళ్ళు అనాలి, "మరహబా" అని పెద్దవాళ్ళు అనాలి. "ఇది అనకుండా మా ఊళ్ళో ఏ పనీ మొదలు కాదాంటీ. మంచినీళ్ళు కూడా అడగకూడదు" అని నీమా గట్టిగా చెప్పింది. రెండువేల ఒకటిలో నీమా చదువైపోయి వెళ్ళిపోయేనాటికి జహీరున్నీసా స్వాహిలీలో పోట్లాడగలదు. భాష వచ్చిందనడానికి అంతకంటే రుజువేం కావాలి?

కానీ సెంటరుకి పిల్లలు రాలేదు. నోటీసులు అంటించింది, కాలేజీలు తిరిగింది. ఏడాదికి ఇద్దరు, ముగ్గురు. మన తల్లిదండ్రులకి ఇంజనీరింగు తప్ప ఇంకో చదువు చదువే కాదాయె. రెండువేల మూడు ఫిబ్రవరిలో రిజిస్ట్రారు లక్ష్మీకాంత్‌గారు పిలిపించారు. ఆయన చెడ్డవాడని అనను, ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. ఆ ఏడాది ఎండ కంప్యూటర్ల వైపు కాస్తోంది.

"ఆ రెండు గదులూ కంప్యూటర్ కోర్సులకి కావాలి మేడం. మార్చి ముప్ఫై ఒకటికి చార్జి ఇచ్చేయండి. మీరు హాయిగా మళ్ళీ హిస్టరీకి వెళ్ళిపోవచ్చు."

"నాకిక్కడే హాయిగా ఉందండి."

"సెంటరుకి పనేముంది చెప్పండి. గుంటూరుకీ ఆఫ్రికాకీ ఏం సంబంధం?"

పత్తి పండించేవాడికీ పత్తి పండించేవాడికీ సంబంధం లేదా, ఇక్కడ పురుగుమందు తాగి చస్తున్నవాడి ధరా అక్కడ మాలీ దేశంలో రైతు ధరా ఒకే బజారులో తేలడం లేదా అని ఆవిడ పావుగంట చెప్పింది. ఆయన మర్యాదగా విన్నారు. విని, కాగితం చేతిలో పెట్టారు.

నెలరోజులు ఆవిడ తిరగని గది లేదు, ఎక్కని మెట్టు లేదు. ఎవర్ని అడిగినా "పైనుంచి వచ్చింది మేడం" అన్నమాటే. పైనెవరున్నారో ఎవరూ చెప్పరు. మార్చి నాలుగో వారం వచ్చేసింది. మిరపకాయల లారీలు రోడ్డు మీద బారులు తీరి, యూనివర్సిటీ అంతా తుమ్ముతోంది. బుల్లయ్య పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దడానికి చేతులాడక, ఒక పెట్టె సర్దడం, మళ్ళీ విప్పడం చేస్తున్నాడు. అట్లాంటి రోజున, పదిన్నర వేళ, ఇద్దరు ఆడవాళ్ళు మెట్లెక్కి వచ్చారు.

"దూదేకుల మాబు కూతురివి నువ్వేనా అమ్మా?" అంది పెద్దావిడ. గట్టి గొంతు. పేరు వెంకటరావమ్మ, కనిగిరి. పక్కనున్న చిన్నది సిద్దికా, చంకలో బిడ్డ, ఏడ్చి ఏడ్చి మొహమంతా ఉబ్బిపోయి ఉంది. తెల్లవారుజామున బస్సెక్కి వచ్చారట.

సంగతి ఇదీ. కనిగిరిలో నీళ్ళ కరువు ఎప్పుడూ ఉన్నదే, అందుకే అక్కడ బోర్లు వేసేవాళ్ళూ ఎక్కువే. ఒక రిగ్గు ఓనరు టాంజానియాలో బోర్లు వేసే కాంట్రాక్టు పట్టి, ఐదుగురు కుర్రాళ్ళని పంపాడు. వెంకటరావమ్మ కొడుకు శ్రీకృష్ణ డ్రిల్లరు, సిద్దికా మొగుడు ముదస్సిర్ హెల్పరు. వెళ్ళి నెల కాలేదు, ఒక పల్లెలో జనం వాళ్ళని చుట్టుముట్టి రిగ్గు తాళాలు లాక్కుని కదలనివ్వడం లేదట. ఎందుకో ఎవరికీ తెలియదు. అక్కడి మిషన్ ఆసుపత్రిలో ఫోనుందనీ, రోజూ ఐదు గంటలకి ఊరి పెద్దని అక్కడికి తెస్తామనీ, మాట్లాడుకోమనీ ఓనరుకి కబురొచ్చింది. ఓనరు రెండు రోజులు సాయంత్రం ఐదింటికి, అదీ వాళ్ళ టైము కట్టుకుని మరీ, ఫోన్ చేశాడు. మోగడమే కానీ ఎత్తేవాడు లేడు. మూడోరోజు పేపర్లో వచ్చేసింది: "ఆఫ్రికా అడవుల్లో కనిగిరి యువకులు. నరబలి భయం."

"నరబలేంటమ్మా, నిజమేనా? నువ్వు ఆ దేశం చదువు చదివావంట గదా, చెప్పు!" అని వెంకటరావమ్మ బల్ల మీద చెయ్యేసి కొట్టింది.

"నరబలీ లేదు, గాడిదగుడ్డూ లేదు" అంది జహీరున్నీసా. "ఐదు గంటలని ఎవరు చెప్పారు? ఆసుపత్రి వాళ్ళేనా? ఇంగ్లీషు మనిషా, ఆ ఊరి మనిషా?"

"ఆ ఊరి కాపలావాడంట."

జహీరున్నీసా నుదుటి మీద కొట్టుకుంది. "అయ్యో రామ! వాళ్ళ ఐదు మన ఐదు కాదమ్మా. వాళ్ళు గంటలు పొద్దు పొడిచిన కాడి నుంచి లెక్కేస్తారు. పొద్దెక్కి ఐదు గంటలంటే పగలు పదకొండు. మన తాతలు జాములు అట్లాగే లెక్కపెట్టలా? పాపం ఆ పెద్దాయన రెండు రోజులూ పదకొండింటికి ఫోను దగ్గర కూర్చుని కూర్చుని వెళ్ళిపోయుంటాడు. మనవాళ్ళే మాట తప్పారనుకునుంటాడు."

అక్కడి పదకొండంటే మనకి మధ్యాహ్నం ఒకటిన్నర. ఇంకా మూడు గంటల టైముంది. గేటు బయట ఐఎస్‌డీ బూతు ముందు ఒంటిగంట నుంచే ఆ నలుగురూ నిలబడ్డారు, జహీరున్నీసా, ఇద్దరాడవాళ్ళు, బుల్లయ్య. సిద్దికా బిడ్డని ఎత్తుకున్నది బుల్లయ్యే. మూడోసారికి లైను కలిసింది. అవతల ఎవరో పెద్దాయన గొంతు. జహీరున్నీసా ఏ కబురూ అడగలేదు. "షికమో" అంది. తర్వాత నెమ్మదిగా, "మరహబా" అని వచ్చింది.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. మనవాళ్ళు బోరు వేసేముందు ఏం చేస్తారు? పాయింటు దగ్గర పసుపు చల్లి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు కోసి రిగ్గు చక్రాల కింద పెడతారు. ఊపిరి తీసుకున్నంత మామూలుగా చేస్తారు. అక్కడా అదే చేశారు. ఊళ్ళో ఎవరికీ ఒక దణ్ణం లేదు, పలకరింపు లేదు. లారీ దిగారు, ఎర్రపొడి చల్లారు, కాయ పగలగొట్టారు, మిషను ఆన్ చేశారు. ఆ చోటు పక్కనే ఊరి పెద్దల సమాధులు. నాలుగొందల అడుగులు వేసినా చుక్క నీరు రాలేదు. పైగా ఊరి పాత బావిలో నీళ్ళు బురదెక్కాయి. మీ ఊరి శ్మశానం పక్కన ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి నిమ్మకాయలు కోసి ఎర్రపొడి చల్లితే మీరేమనుకుంటారు? మీరే చెప్పండి. మన ఊళ్ళో అయితే ముందు కర్రలు తీసి, తర్వాత అడుగుతాం. వాళ్ళు తాళాలు తీసుకుని, "మా నీళ్ళని ఏదో చేసి కట్టేశారు, విప్పి కదలండి" అన్నారు. అంతే. మనవాళ్ళకి ఆ మాట అర్థం కాలేదు.

జహీరున్నీసా చెప్పుకొచ్చింది. అది చేతబడి కాదు తాతా, మా ఊళ్ళో భూమిని తవ్వేముందు భూమి దగ్గర అనుమతి అడగడం అది. అవతల ఆయన అంతా విన్నాడు. తర్వాత అడిగాడు: "భూమిని అడిగారు, బాగుంది. ఆ భూమి మీద ఉన్న మమ్మల్ని ఎందుకు అడగలేదు?"

"తప్పే తాతా" అంది జహీరున్నీసా. "మా పిల్లల తప్పు. పెద్దదాన్నిగా నేను అడుగుతున్నా, క్షమించండి."

పెద్దాయన నవ్వాడు. పిల్లలు బాగానే ఉన్నారనీ, తన కోడలే వండి పెడుతోందనీ, కారం చాలడం లేదని గొడవ చేస్తున్నారనీ చెప్పాడు. అది తెలుగులోకి మార్చి చెప్పేసరికి వెంకటరావమ్మ అక్కడే రోడ్డు మీద కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే "ఒరేయ్ కిష్టా, అక్కడికి పోయి కూడా కారం గొడవేందిరా నీకు!" అని తిట్టింది. తర్వాత శ్రీకృష్ణని ఫోన్లోకి పిలిపించారు. జహీరున్నీసా ఏమనాలో ఒక్కో మాటా చెప్పి పలికించింది. వాడు ఊరందరి ముందు పెద్దాయనకి దణ్ణం పెట్టి క్షమాపణ అడిగాడు. మర్నాటికల్లా తాళాలు ఇచ్చేశారు. పెద్దాయనే ఇంకో చోటు చూపించాడట, నూట తొంభై అడుగుల్లో నీళ్ళు పడ్డాయి.

ఇక చూడండి యూనివర్సిటీలో హడావుడి! లక్ష్మీకాంత్‌గారు స్వయంగా మెట్లెక్కి వచ్చారు. ఐదేళ్ళలో ఆయన ఆ మెట్లెక్కడం అదే మొదలు. "అద్భుతం మేడం! యూనివర్సిటీ పేరు నిలబెట్టారు. ఇరవై తొమ్మిదిన మీకు సన్మానం. ప్రెస్సు వస్తోంది. మూసివేత ఆర్డరు సంగతి నేను చూసుకుంటా. సభ బాగా జరిగితే ఆ కాగితం చించేసినట్టే అనుకోండి." పెద్దసారు, అంటే ఇప్పటి వైస్ ఛాన్సలరుగారు, కూడా సరేనన్నారట. ఆవిడ మాట్లాడాల్సింది కూడా టైపు చేయించి తెచ్చారు.

ఆ కాగితం చదివింది. "చీకటి ఖండపు అనాగరికుల చెర నుంచి మన బిడ్డల్ని ప్రాణాలతో విడిపించిన..." ఇంకా ఉంది, చదవలేకపోయింది. పదకొండు ఇళ్ళ గేట్ల దగ్గర నిలబడ్డ నీమా గుర్తొచ్చింది. రెండు రోజులు ఫోను పక్కన కాచుకు కూర్చున్న పెద్దాయన గుర్తొచ్చాడు.

"ఇది అబద్ధం కదండీ" అంది.

"అబద్ధమేముంది మేడం, పేపరు వాళ్ళ భాష. కొంచెం మసాలా. మీ సెంటరు బతకాలా వద్దా? అది ఆలోచించండి."

ఆలోచించింది. అబద్ధం ఆడను, ఆలోచించింది. రెండు రోజులు అన్నం సయించలేదు. ఒక్క కాగితం చదివేస్తే గదులు ఉంటాయి, పుస్తకాలు ఉంటాయి, బుల్లయ్య ఉంటాడు. చదవకపోతే మూడోరోజు నుంచి అక్కడ కంప్యూటర్లు. "నువ్వేమంటావ్ బుల్లయ్యా?" అంటే ఆయన పటం దులుపుతూ, "నాకేం తెలుసు మేడం. ఆ పెద్దాయన ఇక్కడికొచ్చి కూర్చుంటే, ఆయన ముందు చదవగలిగిందైతే చదవండి" అన్నాడు.

సభ రోజున హాలు కిటకిటలాడిపోయింది. స్టేజి వెనక బట్టమీద పెద్దక్షరాల్లో చీకటి ఖండం అని రాసి ఉంది. మొదటి వరసలో వెంకటరావమ్మ, సిద్దికా. శాలువా కప్పారు, పూలదండ వేశారు. జహీరున్నీసా మైకు ముందుకొచ్చింది. టైపు కాగితం నాలుగు మడతలు పెట్టి బల్ల మీద పెట్టేసింది.

"నేనెవర్నీ విడిపించలేదు. మనవాళ్ళని ఎవరూ చెరలో పెట్టలేదు. మనవాళ్ళు పరాయి ఊరికి వెళ్ళి, సమాధుల పక్కన, ఒక్కర్ని అడక్కుండా, పలకరించకుండా తవ్వారు. వాళ్ళు తాళాలు తీసుకున్నారు, అన్నం పెట్టారు, మాట్లాడుకుందాం రమ్మన్నారు. వాళ్ళ గడియారం మనకి తెలియక మనమే వెళ్ళలేదు. ఇదీ జరిగింది. అనాగరికం ఎక్కడుందో చూడాలంటే విమానం ఎక్కక్కర్లేదు. ఆ దేశం పిల్ల మన గుంటూరులో పదకొండు ఇళ్ళు అడిగితే గది దొరకలేదు. బోర్డులు పీకి లోపల పెట్టుకున్నాం. వాళ్ళు మన పిల్లల్ని అట్లా చూశారా?"

హాల్లో గుసగుసలు. లక్ష్మీకాంత్‌గారి మొహం ఎండుమిరపకాయలా అయింది. "మేడం, ఇక చాలు" అని మైకు అందుకోబోయారు. అప్పుడు మొదటి వరసలోంచి వెంకటరావమ్మ లేచింది. ఆవిడకి మైకుతో పనేముంది?

"కూర్చోవయ్యా నువ్వు! ఆ అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. తప్పు మావోడిదే. ఆడి నోటితోనే ఒప్పుకున్నాడు. ఆ తల్లి ఎవరో మావోడికి నాలుగు రోజులు కూడొండి పెట్టింది. ఆళ్ళని నువ్వు నరమాంసం తినేటోళ్ళని రాయిస్తే నాకు పాపం!"

సభ అక్కడితో సరి. కాఫీలు కూడా ఎవరూ తాగలేదు.

మార్చి ముప్ఫై ఒకటి. పదకొండింటికి చార్జి కాగితాలు వచ్చాయి. ఆఫీసుల సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెబుతున్నా. ఎవరి కుర్చీ ఎవరు ఖాళీ చేయాలన్నా చార్జి లిస్టు ఉండాలి. అప్పగించినవారి సంతకం, తీసుకున్నవారి సంతకం. అవి రెండూ లేకపోతే గదిలో చీపురుకట్ట కూడా కదలదు. కదిపితే ఆడిటువాళ్ళు పీక పట్టుకుంటారు. ఆ లిస్టులో బీరువాలు రెండు, బెంచీలు నాలుగు, పటం ఒకటి అని అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివర మాత్రం రెండు వాక్యాలు చేర్చారు. విద్యార్థులు లేరు. గత ఐదేళ్ళుగా కార్యకలాపాలేమీ లేవు.

జహీరున్నీసా ఆ రెండు వాక్యాలూ చదివింది. కలం తీసింది. సంతకం పెట్టాల్సిన చోట పెట్టలేదు. పక్కన అంచులో తెలుగులో రాసింది:

"పై రెండు వాక్యాలు అబద్ధం. ఈ సెంటరుని నేను అప్పగించడం లేదు. తీసుకుంటున్నారు. ఈ తేడా రికార్డులో ఉండాలి."

కింద పేరు, తేదీ. కాగితం పట్టుకెళ్ళడానికి వచ్చిన గుమాస్తా నోరు తెరిచాడు. బుల్లయ్య కళ్ళజోడు సర్దుకుని ముందుకొచ్చాడు. "ఆ కలం ఓసారి ఇటివ్వండి మేడం" అన్నాడు. ఇంకా రెండేళ్ళ సర్వీసుంది ఆయనకి, కూతురి చదువుంది. "వద్దు బుల్లయ్యా, నీకెందుకు" అంది ఆవిడ. వినలేదు. నెమ్మదిగా, అక్షరం అక్షరం కూడబలుక్కుని రాశాడు: "నేనూ చూశాను. రోజూ నేనే తాళం తీశాను. బుల్లయ్య, అటెండరు."

ఆ కాగితం రిజిస్ట్రారు బల్ల మీదికి వెళ్ళింది. ఆయనకి మింగుడుపడలేదు, కక్కడానికీ లేదు. అట్లాంటి రాతలున్న చార్జి లిస్టుని తీసుకుంటున్నానని సంతకం పెట్టే మొనగాడు కంప్యూటర్ల వైపు ఒక్కడూ లేడు. రేపు ఎంక్వయిరీ వస్తే ఎవడికి చుట్టుకుంటుందో అని భయం. లీగల్ సెక్షనుకి పంపారు. వాళ్ళు వివరణ కోరమన్నారు. వివరణ కోరితే ఆవిడ పద్దెనిమిది పేజీలు రాసిచ్చింది, పిల్లల పేర్లతో, క్లాసుల తేదీలతో. దాన్ని ఫైనాన్సుకి పంపారు. ఫైనాన్సువాళ్ళు ఇది మాది కాదని వెనక్కి పంపారు. ఫైలు అట్లా తిరుగుతూనే ఉంది. చార్జి మారలేదు కాబట్టి సెంటరు ఆవిడదే. బుల్లయ్య రోజూ పదింటికి తాళం తీస్తూనే ఉన్నాడు. కోపం కొద్దీ కరెంటు తీయించారు, కిటికీలు తెరుచుకుని కూర్చున్నారు. నోటీసు బోర్డు పీకించారు, గోడ మీద సుద్దముక్కతో రాశారు. బుల్లయ్యకి రావాల్సిన ఇంక్రిమెంటు ఆపారు. "ఆపుకోనివ్వండి మేడం, ఇన్నాళ్ళూ ఇంక్రిమెంటుతోనే బతికానా" అన్నాడు.

ఆ ఆగస్టులో కనిగిరి రిగ్గు ఓనరు మనిషిని పంపాడు. కొత్త బ్యాచి బయల్దేరుతోంది, వెళ్ళేముందు మూడు నెలలు మాటా మర్యాదా నేర్పమని. తొమ్మిది మంది వచ్చారు, లుంగీలు, చేతులకి గ్రీజు మరకలు, పదో తరగతి తప్పినవాళ్ళు. ఇంటర్మీడియట్ లేనిదే అడ్మిషను కుదరదని ఆఫీసువాళ్ళు రాసి పంపారు. "అడ్మిషను మీ దగ్గర పెట్టుకోండి, చదువు మా దగ్గరుంది" అని ఆవిడ తిరిగి రాసింది. సర్టిఫికెట్టు లేని క్లాసు మొదలైంది. మరుసటేడు ఇంకో రిగ్గువాళ్ళు, తర్వాత చీమకుర్తి రాళ్ళ క్వారీలవాళ్ళు. నవ్విన నాపచేనే పండుతుందంటారు. క్యాంటీనులో సింహాల జోకులు వేసినాయన తమ్ముడి కొడుకుని ఉగాండా పంపుతూ ఆవిడ దగ్గరికే తెచ్చి కూర్చోబెట్టాడు.

రెండువేల ఏడు జూలై. బుల్లయ్య రిటైరై రెండేళ్ళయింది, అయినా వారానికోసారి వచ్చి పటం దులిపి పోతున్నాడు. ఆవేళ వచ్చే ఉన్నాడు. లక్ష్మీకాంత్‌గారు మెట్లెక్కి వచ్చారు, కాస్త ఆయాసపడుతూ. నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నారు. పెండింగు ఫైళ్ళన్నీ తేలితేగానీ ఆయన పెన్షను కాగితాలు కదలవు. అన్నీ తేలాయి, ఇదొక్కటే మిగిలింది. కొత్త చార్జి లిస్టు తెచ్చారు. అంచులో రాతలేమీ లేవు, శుభ్రంగా ఉంది. ఆ రెండు వాక్యాలు మాత్రం అట్లాగే ఉన్నాయి.

"అమ్మా" అన్నారు, ఆ మాట ఎప్పుడూ అనని మనిషి. "జరిగిందేదో జరిగింది. ఇది వట్టి లాంఛనం. తీసుకునేవారి చోటా మీ పేరే రాయించా, మీ సెంటరుని ఎవరూ ముట్టుకోరు, మాటిస్తున్నా. ఈ ఫైలు మూసుకోవడానికి ఒక్క సంతకం. నా పిల్లల మీద ఒట్టు, మీకేం నష్టం లేదు."

బెంచీల మీద పద్నాలుగు మంది కూర్చుని ఉన్నారు. అందరూ అటే చూస్తున్నారు. జహీరున్నీసాకి ఆయన మీద జాలేసింది. నిజంగానే వేసింది. జుట్టంతా నెరిసిపోయింది పాపం. కాగితం చేతిలోకి తీసుకుని చివరిదాకా చదివి, మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టింది.

"విద్యార్థులు లేరు అని ఉందండి ఇందులో. వెనక్కి తిరిగి ఒక్కసారి లెక్కపెట్టండి."

ఆయన తిరగలేదు.

"ఆ రెండు వాక్యాలు కొట్టేసి తెండి, నిమిషంలో పెడతా. కొట్టెయ్యకపోతే ఇవాళ పెట్టను, రేపు పెట్టను. మీరు రిటైరైనా పెట్టను, నేను రిటైరైనా పెట్టను."

"అది కొట్టేస్తే సెంటరు మూసెయ్యమన్న ఆర్డరే తప్పని ఒప్పుకున్నట్టవుతుందమ్మా!"

"అవునండి" అంది జహీరున్నీసా. "అదే నేను నాలుగేళ్ళుగా అడుగుతున్నది."

లక్ష్మీకాంత్‌గారు జేబులోంచి కలం తీసి, బుల్లయ్య తుడిచిపెట్టిన బల్ల మీదికి వంగి, ఆ రెండు వాక్యాలూ ఆయన చేత్తో ఆయనే కొట్టేశారు.